స్పితికి ముందు 34 రోజులు: జిప్సీ ముందు యాక్సిల్ లీకు, నా అనుభవం

మే 11, ఆదివారం. జూన్ 14న విజయవాడ నుంచి బయలుదేరి హైదరాబాద్, నాగ్‌పూర్, ఢిల్లీ, సిమ్లా మీదుగా హిమాచల్ స్పితి లోయలోని కాజా చేరి, అక్కణ్ణుంచి కుంజుం కనుమ దాటి బాతల్, ఛత్రు, గ్రాంఫూ దారిలో మనాలి దిగాలని ప్లాను. బండి మారుతి జిప్సీ. ముందు చక్రాలను యాక్సిల్ షాఫ్టులకు కలపడానికి, విడదీయడానికి చేత్తో తిప్పే లాకింగ్ హబ్‌లు, నాలుగు మూలలా కమాను కట్టలు. బండి కింద పడుకుని నట్లు బోల్టులు చూసుకుంటుంటే ఎడమ ముందు టైరు లోపలి గోడ మీద నల్లటి చార కనిపించింది. యాక్సిల్ చివర ఉండే గుండ్రటి బంతి కింది భాగం తడిగా ఉంది, దుమ్ము దానికంటుకుని ముద్ద కట్టింది.

ముందు వాసన చూశాను. బ్రేక్ ఫ్లూయిడ్ అయితే నీళ్ళలా పలచగా ఉంటుంది, పెయింటును తినేస్తుంది. గేరాయిల్‌కు గంధకం కంపు ఉంటుంది, ఒకసారి పీలిస్తే మరిచిపోలేం. ఇక్కడ ఆ కంపే ఉంది. కానీ వేళ్ళ మధ్య రుద్దితే గేరాయిల్ కంటే చిక్కగా, గ్రీజు కంటే పలచగా, నల్లటి చారులా ఉంది. ఈ 'చారు' అన్న మాట దగ్గరే అసలు రోగం పట్టుబడాల్సింది. నేను పట్టించుకోలేదు.

జిప్సీ ముందు యాక్సిల్ చివర, ఆ బంతి దగ్గర రెండు రకాల సీళ్ళు ఉంటాయి. ఒకటి బయటికి కనపడేది. బంతి చుట్టూ ఉండే ఫెల్ట్, రబ్బరు, రేకు పట్టీల సెట్టు. దాని పని నకిల్ (బంతి మీద కూర్చుని చక్రంతో పాటు పక్కలకు తిరిగే డొల్ల) లోపలి గ్రీజును లోపలే ఉంచడం, బురద లోపలికి పోకుండా బంతిని తుడవడం. ఆయిల్‌ను ఆపడం దాని పని కాదు. రెండోది కనపడదు, యాక్సిల్ గొట్టం చివర లోపల ఉంటుంది. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య, రెండు చక్రాలకూ తిరుగుడు పంచే గేర్ల గుండు)లోని గేరాయిల్‌ను నకిల్‌లోకి రాకుండా ఆపేది అదే. అది పోతే గేరాయిల్ వచ్చి గ్రీజును కరిగిస్తుంది, ఆ చారు బయటి సీలు దాటి కారుతుంది. చూసేవాడికి మాత్రం బయటి సీలే పోయినట్టు ఉంటుంది.

మే 13న ఊళ్ళోనే ఒక షాపులో చూపిస్తే, "సీలు పోయింది సార్, మధ్యాహ్నానికి ఇచ్చేస్తా" అన్నారు. గంటన్నరలో ఇచ్చేశారు కూడా. సెట్టు 680, కూలీ 1,200, చిల్లర 20, మొత్తం 1,900 రూపాయలు. ఇంత తొందరగా ఎలా అయిందని అడగాల్సింది. అడగలేదు, సంతోషపడ్డాను.

మే 18న కొండపల్లి అడవి వైపు మట్టిదారుల్లో హబ్‌లు లాక్ చేసి తిప్పాను, వచ్చేసరికి మొత్తం 210 కి.మీ. ఇంటికొచ్చి చూస్తే కారడం ముందుకంటే ఎక్కువైంది. బ్రేకు కొడితే బండి కొంచెం కుడికి లాగుతోంది. అంటే ఆ చారు ఎడమ డిస్కు మీద కూడా చిమ్మిందన్నమాట. ఆ రాత్రి నిజంగా భయమేసింది. ప్రయాణం ఆగుతుందని కాదు. దారిలో ఛత్రు దగ్గర బేరింగ్ పట్టేస్తే ఎవరిని పిలవాలి అని.

ఇక్కడొక చిన్న విషయం. హబ్‌లు ఫ్రీలో పెట్టి టూవీల్‌లో తిరిగితే ముందు షాఫ్టులు, డిఫరెన్షియల్ లోపలి క్రౌన్, పినియన్ గేర్లు కదలవు. ఆయిల్ ఎగజిమ్మదు, లీకు అంతగా బయటపడదు. అందుకే నెలల తరబడి ఊళ్ళో తిరిగిన బండి బాగానే ఉన్నట్టు కనిపించి, కొండ దారిలో ఫోర్‌వీల్ వేసిన రెండో రోజే కారుతుంది. పరీక్ష చేయాలంటే హబ్‌లు లాక్ చేసి, ఫోర్‌వీల్ కర్రను టూవీల్‌లోనే ఉంచి తారు రోడ్డు మీద తిప్పండి. అప్పుడు ముందు యాక్సిల్ మొత్తం తిరుగుతుంది, కానీ డ్రైవ్ దానికి వెళ్ళదు కాబట్టి ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద మెలి పడదు. పొడి తారు మీద ఫోర్‌వీల్ మాత్రం వేయకండి.

మే 19 పొద్దున్నే చల్లటి బండిని సమతలం మీద పెట్టి డిఫరెన్షియల్ లెవెల్ ప్లగ్ విప్పాను. ఆయిల్ ప్లగ్ అంచు దాకా ఉండాలి. వేలు పెడితే వేలికి ఏమీ అంటలేదు.

మే 20న ఆటోనగర్‌లో పాత జిప్సీలు, జీపులు చేసే ఒక మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన చక్రం వైపు చూడనే లేదు. నేరుగా బండి కింద దూరి యాక్సిల్ హౌసింగ్ పైన, లోపలి గాలి పోవడానికి ఉన్న బ్రీదర్ టోపీని గోటితో కదిపాడు. కదల్లేదు. "ఇది ఊపిరాడక చచ్చింది బాబూ. సీళ్ళు మార్చి ఏం లాభం" అన్నాడు. డిఫరెన్షియల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పోయే దారి లేకపోతే సీలు పెదవిని తోసుకుని వెళ్తుంది, పోతూ పోతూ ఆయిల్‌ను వెంటేసుకుపోతుంది. వేడి యాక్సిల్‌తో చన్నీళ్ళ వాగులో దిగితే ఇది తిరగబడుతుంది, లోపల గాలి కుంచించుకుని బయటి నీళ్ళను పీలుస్తుంది. ఇక విజయవాడ ఎత్తులో మూసుకుపోయిన బ్రీదర్‌తో 4,500 మీటర్లు దాటిన కుంజుం ఎక్కితే బయటి గాలి పీడనం 40 శాతానికి పైగా పడిపోతుంది, లోపలిది అలాగే ఉంటుంది. ఎండిన సీలు దానికెక్కడ ఆగుతుంది.

మేస్త్రికి చేతినిండా పని ఉంది, నాలుగు రోజులు ఆగమన్నాడు. ఆగాను. ఆ నాలుగు రోజుల్లో ఇంకో ఇద్దరు "ఇవాళే చేసేస్తాం" అన్నారు. ఈసారి తొందరపడలేదు.

మే 24, విప్పిన రోజు. వరస ఇలా నడిచింది. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ దించారు. ఈ యాక్సిల్‌కు 2 లీటర్లు పట్టాలి, కొలత జగ్గులోకి 1.3 లీటర్లే వచ్చింది, అదీ పాలు కలిపిన కాఫీ రంగులో. నీళ్ళు చేరాయి. పోయిన వానాకాలం దాటిన ఏ వాగో మరి. అదృష్టం కొద్దీ క్రౌన్, పినియన్ పళ్ళు తుప్పు పట్టలేదు, ప్లగ్‌కు ఇనప రజను అంటలేదు.

తర్వాత చక్రం ఊడదీయక ముందే జాకీ మీద ఒక పరీక్ష. టైరును పైన, కింద పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉంది. మేస్త్రి కుర్రాణ్ణి బ్రేకు తొక్కి పట్టమన్నాడు. బ్రేకు తొక్కాక ఆట పూర్తిగా పోతే తప్పు వీల్ బేరింగ్‌ది, ఇంకా ఉంటే కింగ్‌పిన్ (నకిల్ పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు ఇరుసు) బేరింగ్‌ది. నాకు సగం పోయింది, సగం మిగిలింది. రెండూ అన్నమాట.

బ్రేక్ క్యాలిపర్‌ను విప్పి హోసు మీద బరువు పడకుండా తీగతో కమాను కట్టకు వేలాడదీశారు. లాకింగ్ హబ్, బేరింగ్ నట్లు, హబ్, స్టబ్ (హబ్ తిరిగే బోలు ఇరుసు) వరసగా వచ్చాయి. బేరింగ్ నట్‌కు సరిపోయే సాకెట్ ఈయన దగ్గర ఉంది. ఎవరైనా ఉలీ సుత్తీ పెట్టి కొడుతుంటే బండి తీసుకుని వచ్చేయండి. స్టబ్ లాగగానే నకిల్ లోంచి ట్రేలోకి పావు లీటరు దాకా నల్లటి చారు కారింది. గ్రీజు అనదగ్గది లేదు. స్టబ్ లోపలి దారిన అదే చారు వీల్ బేరింగ్‌లలోకి వెళ్ళి వాటి గ్రీజునూ కడిగేసింది.

మొదటి షాపు గంటన్నరలో ఎలా చేసిందో అప్పుడు తెలిసింది. బయటి రబ్బరు సీలు పూర్తి రింగు. పద్ధతిగా ఎక్కించాలంటే టైరాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ కొస) విడదీసి, కింగ్‌పిన్నులు తీసి, నకిల్ మొత్తం దించాలి. వాళ్ళు కొత్త సీలును బ్లేడుతో ఒకచోట కోసి, బంతి చుట్టూ తొడిగి, రేకు బిగించారు. ఆ కోత కూడా సరిగ్గా కిందికి వచ్చింది. దారిలో గత్యంతరం లేనప్పుడు ఇలా కోసి వేసుకోవచ్చు, తప్పు లేదు, కానీ కోత పైకి ఉండాలి. షాపులో పెట్టి డబ్బు తీసుకుని ఇలా చేయడం మోసం.

లోపలి సీలు పెదవి ప్లాస్టిక్‌లా గట్టిపడింది. కానీ మేస్త్రి అక్కడ ఆగలేదు. స్టబ్ లోపల షాఫ్టును మోసే కంచు బుష్ ఉంటుంది. అది ఒకవైపు అరిగింది. బుష్ అరిగితే షాఫ్టు వాలుతుంది, వాలిన షాఫ్టు సీలును ఒకే పక్క నొక్కుతుంది. కొత్త సీలు వేసి పాత బుష్ ఉంచితే రెండు మూడు వేల కిలోమీటర్లలో మళ్ళీ ఇదే కథ. షాఫ్టు మీద సీలు పెదవి తిరిగే చోట గోటికి తగిలేంత గాడి పడింది. కింది కింగ్‌పిన్ బేరింగ్ కప్పులో, చక్రం తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు ఆనే చోట గుంటలు పడ్డాయి. స్టీరింగ్ మధ్యలో 'టక్కు'మని కూర్చుంటుంటే ఇదే కారణం. బంతి మీద తుప్పు చుక్కలు నాలుగైదు.

గాడి పడిన షాఫ్టుకు లేత్ వాళ్ళు వెల్డింగ్ నింపి తిప్పుదామన్నారు. వద్దన్నాను, మేస్త్రీ వద్దన్నాడు. షాఫ్టు గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయి, రాళ్ళ మధ్య చక్రం ఇరుక్కున్న రోజు అక్కడే విరుగుతుంది. పలచటి స్లీవ్ తొడగడం మంచి మార్గం, ఆ సైజు మాకు దొరకలేదు. చివరికి చేసింది చాలా తేలిక. పాత సీలు ఎంత లోతున కూర్చుందో తీయకముందే వెర్నియర్‌తో కొలిచి పెట్టుకున్నాం, కొత్తదాన్ని అంతకంటే 2 మి.మీ. బయటికి కూర్చోబెట్టాం. పెదవి గాడి మీద కాకుండా నునుపైన చోట తిరుగుతుంది. పాత సీలు పీకేశాక ఈ కొలత దొరకదు, కాబట్టి ముందే కొలవండి.

మే 26న సామాన్ల వేట. వీల్ బేరింగులు, లాక్ వాషర్లు, గ్రీజు ఆటోనగర్‌లో అరగంటలో దొరికాయి. లోపలి సీళ్ళు కూడా లోకల్ రకం 90 రూపాయలకు ఇస్తామన్నారు. పెదవి వెనక ఉండే స్ప్రింగును వేలితో తడిమితే వదులుగా ఉంది, పెట్టేసి వచ్చాను. కంపెనీ సీళ్ళు, కింగ్‌పిన్ బేరింగులు, బుష్‌లు ఆర్డరు పెడితే ఆరు రోజులన్నారు. జిప్సీ అమ్మకాలు ఆగి ఏళ్ళయింది, ఏ సామాను ఏ గోడౌన్లో ఉందో వాళ్ళకే తెలీదు. ఆరు కాస్తా తొమ్మిదైంది. జూన్ 4 సాయంత్రం చేతికొచ్చాయి. ఈ తొమ్మిది రోజులూ బండి ముందు భాగం దిమ్మెల మీద, విప్పిన భాగాలు గోనె పట్టా మీద. రోజూ ఫోన్ చేసి అడగడం, "దార్లో ఉంది సార్" అనిపించుకోవడం. పని కంటే ఇదే ఎక్కువ అలసట. బండి విప్పకముందే సామాను తెప్పించుకుని ఉంటే బాగుండేది. లోపలి సీళ్ళు, బయటి సెట్లు, బుష్‌లు, కింగ్‌పిన్ బేరింగులు ఎలాగూ పడతాయి, పడకపోతే స్పేరు కింద ఉంటాయి.

మధ్యలో ఊరికే ఉండకుండా బంతుల్ని శుభ్రం చేశాం. డీజిల్లో ముంచి 400 నంబరు ఎమిరీ కాగితంతో, తర్వాత 600తో. తుప్పు గుంటల్లో లోహపు ఎపాక్సీ నింపి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్ళీ రుద్దాం. షాఫ్టు చివరి బాల్ జాయింట్‌ను డీజిల్లో కడిగి ఆరు గుండ్లనూ తిప్పి తిప్పి చూశాం, పగుళ్ళు లేవు. లోపల డీజిల్ మిగిలితే కొత్త గ్రీజును అదే కరిగిస్తుంది, కాబట్టి గాలి కొట్టి ఒక పూట ఎండలో పెట్టాలి.

జూన్ 5, 6 బిగింపు. లేత్ దగ్గర బుష్‌లు నొక్కించి, షాఫ్టుకు సరిపడా రీమర్ (రంధ్రాన్ని కొలతకు చెక్కే పనిముట్టు) తిప్పించాం. లోపలి సీలును నేరుగా సుత్తితో కొట్టలేదు. పాత సీలును దాని మీద బోర్లించి, సరిపోయే గొట్టంతో చుట్టూ సమంగా తట్టారు. పెదవి వెనక స్ప్రింగు గాడిలో గ్రీజు నింపితే తట్టేటప్పుడు స్ప్రింగు ఊడదు. షాఫ్టును లోపలికి పెట్టేటప్పుడే సగం కొత్త సీళ్ళు చస్తాయి, షాఫ్టు కొసన ఉండే స్ప్లైన్ పళ్ళు పెదవిని గీరేస్తాయి. పళ్ళకు పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, షాఫ్టు బరువు సీలు మీద పడకుండా ఒకరు కింద చెయ్యి పెట్టి, సీలు దాటాక ఆ కాగితం లాగేశాం.

కింగ్‌పిన్ బిగుతు గురించి కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. పై కింగ్‌పిన్‌కూ నకిల్‌కూ మధ్య, కింది కింగ్‌పిన్‌కూ నకిల్‌కూ మధ్య షిమ్ములు (పలచటి రేకు ముక్కలు) ఉంటాయి. విప్పేటప్పుడే పైవి, కిందివి, ఎడమవి, కుడివి వేరువేరు కవర్లలో వేసి రాసిపెట్టండి. బిగించాక, బయటి సీలు ఇంకా ఎక్కించకముందు, టైరాడ్ ఎండ్ కూర్చునే రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. నకిల్ కదలడానికి 1 నుంచి 1.8 కిలోల లాగుడు పట్టాలి. మాకు మొదట 600 గ్రాములే వచ్చింది. కొత్త బేరింగ్ కప్పులు పూర్తిగా కూర్చున్నాయో లేదో చూసి, ఒక పలచటి షిమ్ము తీసేశాం, 1.4 కిలోలు వచ్చింది. షిమ్ము తీస్తే బిగుతు పెరుగుతుంది, కలిపితే తగ్గుతుంది. బిగుతు తక్కువైతే 60, 70 వేగంలో గుంత తగలగానే స్టీరింగ్ గజగజ వణుకుతుంది. ఆ త్రాసు 180 రూపాయలు. మేస్త్రి 'చేతి అంచనా' కూడా దగ్గరదగ్గరగానే ఉంది, ఆయన లెక్కలో 'కొంచెం బరువుగా కదలాలి'.

గ్రీజు: జాయింట్ లోపల మాలీ (మాలిబ్డినం) కలిసిన నల్ల గ్రీజు నిండా కూరాలి, నకిల్ ఖాళీలో మూడొంతులే. నిండా కూరితే వేడికి పెరిగి మళ్ళీ బయటి సీలునే తోస్తుంది. రెండు వైపులకూ కలిపి కిలో డబ్బా దాదాపు అయిపోయింది. వీల్ బేరింగ్‌లకు మామూలు లిథియం గ్రీజు. స్టబ్‌కూ నకిల్‌కూ మధ్య ముఖాల మీద పలచగా అనాబాండ్ అనే సీలింగ్ పేస్టు.

కుడివైపు కారడం లేకపోయినా విప్పించాను, లోపలి సీలు అక్కడా గట్టిపడే ఉంది. సీళ్ళు, బుష్ మార్చాం. కింగ్‌పిన్ బేరింగులు కడిగి చూస్తే నునుపుగానే తిరిగాయి, పాతవే వేశాం. 840 రూపాయలు మిగిలాయనుకున్నాను.

బ్రీదర్ దగ్గర పాత టోపీ తీసేసి, అక్కడ నిపిల్ పెట్టి, పెట్రోల్ హోసును ఇంజన్ గదిలో పైదాకా తీసుకెళ్ళి, కొసను కిందికి వంచి చిన్న ఫిల్టర్ తగిలించాం. 210 రూపాయలు. చక్రం పైకీ కిందికీ ఎంత కదిలినా, బండి ఎగిరినా హోసు సాగకుండా వదులు ఉంచాలి.

ఆయిల్ రెండుసార్లు పోశాం. నీళ్ళు చేరింది కాబట్టి ముందు చవకది 2 లీటర్లు పోసి, హబ్‌లు లాక్ చేసి ఆటోనగర్ లోపలే ఐదారు కిలోమీటర్లు మెల్లగా తిప్పి, వేడిగా ఉండగానే దించేశాం. ఆ తర్వాత 80డబ్ల్యూ-90, జీఎల్-5 రకం. బండి సమతలం మీద ఉండాలి. ప్లగ్ నుంచి పొర్లేదాకా పోసి, పది నిమిషాలు ఆగి, గొట్టాల్లోకి సర్దుకున్నాక మళ్ళీ పోయాలి. ముందు భాగం జాకీ మీద ఉండగా పోస్తే ఎక్కువ పడుతుంది, ఆ ఎక్కువే మళ్ళీ సీళ్ళ మీద పడుతుంది.

ఖర్చు లెక్క: లోపలి సీళ్ళు రెండు 620, బయటి సెట్లు రెండు 1,360, ఎడమ కింగ్‌పిన్ బేరింగులు 840, బుష్‌లు 480, ఎడమ వీల్ బేరింగులు హబ్ సీలుతో 1,450, లాక్ వాషర్లు 80, గ్రీజులు 850, రెండు విడతల ఆయిల్ 1,600, బ్రీదర్ 210, లేత్ 700, డీజిల్, ఎమిరీ, అనాబాండ్ వగైరా 430, త్రాసు 180, కూలీ 5,500. మొత్తం 14,300. ముందు షాపులో తగలేసిన 1,900 కలిపితే 16,200. బ్రేక్ ప్యాడ్‌లు గీకి, డిస్కు తుడిస్తే సరిపోయింది, లేకపోతే ఇంకా పడేది.

జూన్ 7, 8 తేదీల్లో 300 కి.మీ. పరీక్ష. మొదటి 50 కి.మీ. తర్వాత హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూశాను, ఎడమది గోరువెచ్చగా ఉంది. చెయ్యి కాలితే బేరింగ్ నట్ బిగుతు ఎక్కువైనట్టు. బంతి మీద పలచటి గ్రీజు పొర కనిపించి గుండె ఝల్లుమంది. మేస్త్రి నవ్వి గుడ్డతో తుడిచాడు. ఆ పొర ఉండాలట, పొడిగా ఉంటేనే తుప్పు పట్టి సీలును కోస్తుంది. పొర వేరు, చుక్క వేరు. కింగ్‌పిన్ బోల్టులు మళ్ళీ బిగిస్తే రెండు కొంచెం తిరిగాయి.

జూన్ 14న అనుకున్న రోజే బయలుదేరాను. పెట్టెలో ఒక లోపలి సీలు, ఒక బయటి సెట్టు, లాక్ వాషర్, అర కిలో గ్రీజు, లీటరు గేరాయిల్, బేరింగ్ సాకెట్. నాగ్‌పూర్, సిమ్లా, కాజాల్లో ఆగినప్పుడల్లా టైరు లోపలి గోడ, హబ్ వేడి చూశాను. బాతల్, గ్రాంఫూల మధ్య వాగులు మధ్యాహ్నానికి మంచు కరిగి పొంగుతాయి, పొద్దున్నే దాటినా రెండు చోట్ల హబ్‌లు మునిగాయి. దిగే ముందు పది నిమిషాలు బండి ఆపి యాక్సిల్ చల్లారనిచ్చాను. మనాలిలో డ్రెయిన్ ప్లగ్ ఒక్క చుట్టు వదులు చేసి నాలుగు చుక్కలు చూశాను. నీళ్ళుంటే బరువుకి అడుగు చేరి ముందు అవే వస్తాయి. తేనె రంగు ఆయిలే వచ్చింది.

ఇల్లు చేరాక జాకీ ఎక్కించి చూస్తే ఎడమవైపు చుక్క కారలేదు, నకిల్ నునుపుగా తిరుగుతోంది. కుడివైపు కారడం లేదు కానీ, టైరాడ్ విప్పి నకిల్‌ను చేత్తో తిప్పితే తిన్నగా ఉన్నచోట చిన్నగా 'టక్' అంటోంది. ఆ పాత కింగ్‌పిన్ బేరింగులే. ఈసారి సామాను ముందే ఆర్డరు పెట్టాను, ఎనిమిది రోజులన్నారు.